612 వారానికే 298 ఎలా అయింది? లింఫోమా రక్తపరీక్షల మీద ఒక జవాబు

ప్రశ్న: మాది బంగారుపాళెం దగ్గర పల్లె. మా నాయనకు 63 ఏళ్ళు, పదేళ్ళుగా షుగరు ఉంది. మెడలో గడ్డ లేస్తే ఊళ్ళో డాక్టరు నాలుగు రోజులు స్టెరాయిడ్ మాత్రలిచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచింది. బయాప్సీ చేస్తే డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల్లో మొదలయ్యే ఒక రకం క్యాన్సర్ అని వచ్చింది. చిత్తూరులో ఎల్‌డీహెచ్ 612. వారం తర్వాత తిరుపతిలో చేయిస్తే 298. కీమో ఇంకా మొదలే కాలేదు. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ 3.4, ఈఎస్ఆర్ 70, ఆల్బుమిన్ 3.3, హిమోగ్లోబిన్ 10.4, క్రియాటినిన్ 1.6. మాత్రలు వాడుతున్న రోజుల్లో చేసిన సీబీసీలో తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 78 శాతం, లింఫోసైట్స్ 14 శాతం. భాగిస్తే 5.6 వచ్చింది, అదీ ఈఎస్ఆర్ కూడా ఎక్కువుంటే మంచిది కాదని, బీటా-2కి 3.5, 5.5 గీతలని చదివాను. ఆల్బుమిన్ కోసం రోజుకు ఆరు గుడ్లు పెడుతున్నాం. నాయన తోటకు వెళ్ళి వస్తూనే ఉన్నాడు. వచ్చే మంగళవారం, జబ్బు ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూసే పెట్ స్కాన్. ఇన్నిటిలో ఏది చూసి మా నాయన సంగతి తెలుసుకోవాలి? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. రిపోర్టుల ఫోటోలు పెట్టాను.

జవాబు:

ముందే ఒక మాట. నేను క్యాన్సర్ డాక్టర్ని కాను. బయోకెమిస్ట్రీ చదివి తిరుపతిలో ఆసుపత్రి ల్యాబులో పాతికేళ్ళకు పైగా రిపోర్టుల కింద సంతకాలు పెట్టినదాన్ని. మందుల సంగతి మీ డాక్టరు చెబుతారు. ఆ కాగితం మీద అంకె ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని ఎంతవరకు నమ్మాలో నేను చెప్పగలను.

మీకు నిద్ర లేకుండా చేసిన 612, 298 సంగతి ముందు చూద్దాం. ఫోటోలు పెద్దవి చేసి చూశాను. చిత్తూరు రిపోర్టులో అంకె పక్కన సన్న అక్షరాల్లో 230–460 అని ఉంది. తిరుపతి రిపోర్టులో 135–225 అని ఉంది. ఆ చివరి కాలమ్ ఎవరూ చదవరు, అందరి చూపూ బోల్డులో ఉన్న అంకె మీదే ఉంటుంది. ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి. 612ని 460తో భాగిస్తే 1.33. 298ని 225తో భాగిస్తే 1.32. రెండు ల్యాబులూ ఒకే మాట చెప్పాయి: మామూలు గరిష్ఠం కంటే మూడో వంతు ఎక్కువ. మీ నాయన రక్తంలో ఆ వారంలో ఏమీ తగ్గలేదు, పెరగలేదు.

తేడా కొలిచే పద్ధతిలో ఉంది. ఎల్‌డీహెచ్ అంటే లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్. అది లాక్టేట్‌ని పైరువేట్‌గా మారుస్తుంది, పైరువేట్‌ని తిరిగి లాక్టేట్‌గానూ మారుస్తుంది. కొన్ని కిట్లు దాని పనిని ఒక దిక్కు నుంచి కొలుస్తాయి, కొన్ని రెండో దిక్కు నుంచి. పైరువేట్ నుంచి లాక్టేట్ వైపు పని వేగంగా జరుగుతుంది కాబట్టి ఆ పద్ధతిలో అంకె దాదాపు రెట్టింపు వస్తుంది. ఏదీ తప్పు కాదు. రెండు ల్యాబుల అంకెల్ని నేరుగా పక్కపక్కన పెట్టడమే తప్పు. అందుకే లింఫోమా లెక్కల్లో కూడా ఎల్‌డీహెచ్‌ని ఉత్త అంకెగా తీసుకోరు, ఆ ల్యాబు గరిష్ఠానికి ఎన్ని రెట్లు అనే చూస్తారు. ఇకమీదట ఎప్పుడు చేయించినా ఒకే ల్యాబులో చేయించండి.

అసలు ఆ ఎంజైమ్‌కి ఇంత పేరెందుకు? ఒంట్లో ప్రతి కణంలోనూ అది ఉంటుంది. కణం చచ్చి పగిలితే రక్తంలోకి కారుతుంది. లింఫోమా కణాలు వేగంగా పుడతాయి, అంతే వేగంగా కొన్ని చస్తుంటాయి. పైగా గ్లూకోజ్‌ని హడావుడిగా లాక్టేట్ దారిలో వాడేసుకుంటాయి కాబట్టి ఆ ఎంజైమ్ వాటిలో దండిగా ఉంటుంది. గడ్డ బరువు ఎంత, అది ఎంత జోరుగా పెరుగుతోంది అనేదానికి ఎల్‌డీహెచ్ ఒక అంచనా. సీజన్లో మామిడి మండీ గేటు బయట నిలబడ్డ ట్రాక్టర్లు చూసి లోపల ఎంత కాయ దిగిందో చెప్పడం మీ ఊరివాళ్ళకు తెలుసు కదా, అలాంటిదే. కానీ ట్రాక్టర్లు వేరే కారణానికీ నిలబడొచ్చు.

ఆ వేరే కారణాలతోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఎర్ర రక్తకణంలో ఎల్‌డీహెచ్ సీరంలో, అంటే కణాలు పోగా మిగిలే రక్తపు నీళ్ళలో కంటే వంద రెట్లకు పైగా ఉంటుంది. రక్తం తీసేటప్పుడు కొన్ని కణాలు పగిలినా చాలు, అంకె ఎగిరిపోతుంది. చేతికి పట్టీ మరీ బిగించి ఎక్కువసేపు ఉంచడం, సన్న సూదితో లాగడం, సిరంజిలో రక్తాన్ని ట్యూబులోకి గట్టిగా ఊదినట్టు తోయడం, మే నెల ఎండలో బైకు డిక్కీలో పెట్టుకుని ఇరవై కిలోమీటర్లు తేవడం. ఇవన్నీ చూశాను. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన తేరే సీరం లేత గడ్డిరంగులో ఉండాలి. కణాలు పగిలితే రోజ్‌మిల్క్ రంగులో ఉంటుంది. ఒకసారి బయటి కలెక్షన్ సెంటర్ నుంచి వచ్చిన ఒకావిడ రిపోర్టులో ఎల్‌డీహెచ్ 1,900. ఆవిడకు చికిత్స అయిపోయి ఏడాది దాటింది. ఇంటిల్లిపాదీ ఏడుస్తూ వచ్చారు. అదే రిపోర్టులో పొటాషియం కూడా 6.8 ఉంది. మనిషి మాత్రం చక్కగా నడిచి వచ్చింది. ఈ రెండూ కలిసి పెరిగితే నాకు ముందు ట్యూబు మీదే అనుమానం. మళ్ళీ నెమ్మదిగా రక్తం తీయించాం: 212. ఆ ట్యూబు గులాబీ రంగులో ఉందని మెషిన్ ఎక్కించిన మనిషి చూసి ఒక్క ముక్క రాసి ఉంటే ఆ ఇంట్లో రెండు రోజుల ఏడుపు ఉండేది కాదు.

ఇంకో చిన్న సంగతి. చాలామంది శాంపిల్ పాడవకూడదని ఫ్రిజ్‌లో పెడతారు. ఎల్‌డీహెచ్‌లో కొన్ని రకాలు చలికి చెడిపోతాయి, అప్పుడు అంకె తప్పుగా తక్కువ వస్తుంది. గది వేడిలో ఉంచి త్వరగా చేయడమే దానికి మేలు. బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనతలో ఎల్‌డీహెచ్ వేలల్లోకి పోతుంది, క్యాన్సర్ లేకుండానే. లివర్ జబ్బు, గుండెపోటు, కండరాల దెబ్బ కూడా పెంచుతాయి. మీ నాయన విషయంలో రెండు చోట్లా ఒకే నిష్పత్తి వచ్చింది, తిరుపతిలో పొటాషియం 4.3 ఉంది. కాబట్టి ఇది నిజమైన పెరుగుదలే అనుకుంటున్నాను. కొంచెం పెరుగుదలే.

ఇప్పుడు ఈ అంకె దేనికి పనికొస్తుందో చెబుతాను. 1993లో అమెరికా, యూరప్, కెనడాల డాక్టర్లు కలిసి రెండు వేల మందికి పైగా రోగుల వివరాలు తీసి, జబ్బు ఎలా సాగుతుందో అంచనా వేసే ఐపీఐ అనే సూచిక తయారుచేశారు. ఐదే ఐదు సంగతులు: వయసు 60 దాటడం, ఎల్‌డీహెచ్ గరిష్ఠం దాటడం, జబ్బు మూడో నాలుగో స్టేజీలో ఉండడం, లింఫ్ గ్రంథుల బయట ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉండడం, మనిషి పనిపాటలు చేయలేక పగలు కొంతసేపైనా మంచాన ఉండే స్థితి. ఒక్కోదానికి ఒక్కో మార్కు. మార్కులు తక్కువైతే మంచిది. రక్తపరీక్ష నుంచి ఇందులోకి ఎక్కింది ఎల్‌డీహెచ్ ఒక్కటే, గమనించారా? మీరు రాసిన మిగతావి ఏవీ ఈ జాబితాలో లేవు.

మీ నాయనకు వయసుకు ఒకటి, ఎల్‌డీహెచ్‌కి ఒకటి. తోటకు వెళ్ళి వస్తున్నాడని రాశారు కాబట్టి ఒంటి స్థితికి సున్నా. మిగతా రెండూ పెట్ స్కాన్ చెప్పాలి. డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర, దానికి ఒకే వైపున, గ్రంథుల్లోనే జబ్బు ఉంటే రెండో స్టేజీ లోపలే, మొత్తం మార్కులు 2. రెండు వైపులా ఉంటే 3 లేదా ఆపైన. మంగళవారం వరకు ఇంతకు మించి ఎవరు చెప్పినా సోదే.

మార్కుల పక్కన శాతాలుంటాయి. వాటినే మీరు వెతుకుతున్నారని నాకు తెలుసు. మీరు ఇప్పటికే చూసేసి ఉంటారు కూడా, అందుకే ఎలా చదవాలో చెబుతాను. 1993 లెక్కలో 2 మార్కులున్నవాళ్ళలో ఐదేళ్ళకు బతికి ఉన్నది 51 శాతం. 3 ఉన్నవాళ్ళలో 43. తర్వాత 1997లో రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని పాత కీమోకి కలిపి ఇవ్వడం మొదలయ్యాక కెనడాలో 365 మంది వివరాలు మళ్ళీ లెక్కేసి 2007లో ప్రచురించారు. అవే ఐదు సంగతులు, అదే ఎల్‌డీహెచ్. 1 లేదా 2 మార్కుల వాళ్ళలో నాలుగేళ్ళకు 79 శాతం, 3 నుంచి 5 మార్కుల వాళ్ళలో 55 శాతం. ఒకటి నాలుగేళ్ళ లెక్క, ఒకటి ఐదేళ్ళది, మార్కుల గుంపులూ కాస్త వేరు. పక్కపక్కన పెట్టేటప్పుడు అది మరచిపోకూడదు. అయినా తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రక్తంలో అంకె మారలేదు, మందు మారింది, ఫలితం మారింది. మీ నాయనకు వయసు వచ్చింది, ఎల్‌డీహెచ్ పెరిగింది అన్నవి మీ చేతిలో లేవు. ఆర్-చాప్ అనే ఆ చికిత్స 21 రోజులకోసారి, మామూలుగా ఆరుసార్లు, తేదీ తప్పకుండా పడేట్టు చూసుకోవడం చాలావరకు మీ చేతిలో ఉంది. కోతలొచ్చాయనో, ఇంట్లో పెళ్ళనో రెండు వారాలు జరిపేవాళ్ళను చూశాను. అలా చేయకండి.

2014లో వచ్చిన మరో లెక్కలో వయసునీ ఎల్‌డీహెచ్‌నీ మెట్లుగా విడదీశారు. గరిష్ఠానికి మూడు రెట్ల లోపు ఉంటే ఒక మార్కు, మూడు రెట్లు దాటితే రెండు. మీ నాయన 1.3 దగ్గర ఉన్నాడు. 1.3నీ 4నీ ఒకే గాటన కట్టకూడదనే ఈ మార్పు, నాకు బాగా నచ్చింది.

మిగతా అంకెలు త్వరగా చూద్దాం.

ఈఎస్ఆర్ 70: ట్యూబులో ఎర్రకణాలు ఎంత వేగంగా అడుగుకు దిగుతాయో చెప్పే అంకె ఇది. మీరు చదివింది హాడ్జ్‌కిన్ లింఫోమా గురించి అయి ఉంటుంది. అది వేరే జబ్బు. అందులో తొలి స్టేజీలో ఈఎస్ఆర్‌కి నిజంగానే విలువుంది: జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం లాంటివి లేకపోతే 50, ఉంటే 30 గీతగా పెట్టుకుంటారు. మీ నాయన జబ్బు సూచికల్లో దానికి చోటు లేదు. హిమోగ్లోబిన్ 10.4 ఉన్న మనిషికి ఈఎస్ఆర్ ఎటూ పెరుగుతుంది. వదిలేయండి.

న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో భాగించిన 5.6 అంకె పరిశోధనా వ్యాసాల్లో చాలా కనిపిస్తుంది, ఎందుకంటే సీబీసీ అందరికీ ఉంటుంది, ఖర్చు లేదు, కంప్యూటర్ ముందు కూర్చుని భాగించడమే పని. ఒక వ్యాసంలో గీత ఒకచోట, ఇంకో వ్యాసంలో ఇంకోచోట. ఆ అంకె చూసి చికిత్స మార్చే డాక్టర్ని నేను చూడలేదు. మీ నాయన విషయంలో అయితే అసలే కొట్టేయాలి: స్టెరాయిడ్ మాత్ర న్యూట్రోఫిల్స్‌ని పెంచుతుంది, లింఫోసైట్స్‌ని తగ్గిస్తుంది. మీరు భాగించింది మాత్రని, జబ్బుని కాదు. అన్నట్టు, ఆ మాత్రల సంగతి ఆంకాలజిస్టుకి తప్పకుండా చెప్పండి. స్టెరాయిడ్‌కి లింఫోమా గడ్డ తాత్కాలికంగా కరుగుతుంది, బయాప్సీని కూడా తికమక పెడుతుంది.

బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ 3.4: ఇది దాదాపు ప్రతి కణం పైపొర మీదా ఉండే చిన్న ప్రొటీన్. జబ్బు బరువు పెరిగితే పెరుగుతుంది. ఫాలిక్యులర్ లింఫోమా సూచికల్లో ఒకదానిలో దీనికి చోటుంది. మీరు చదివిన 3.5, 5.5 అనే గీతలు మాత్రం లింఫోమావి కావు, మల్టిపుల్ మైలోమావి. రెండోది, ఈ ప్రొటీన్‌ని ఒంట్లోంచి తీసేసేది కిడ్నీ. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 ఉన్న మనిషికి, అందులోనూ పదేళ్ళ షుగరున్న మనిషికి, ఇది కొంత పెరిగే ఉంటుంది. ఇందులో లింఫోమా వాటా ఎంత, కిడ్నీ వాటా ఎంత అని ఏ ల్యాబూ విడదీసి చెప్పలేదు. నాకు అడిగితే ఇక్కడ పట్టించుకోవలసింది 3.4 కాదు, ఆ పక్క కాగితంలో ఉన్న 1.6.

ఆల్బుమిన్ 3.3 చూసి ఇంట్లో రోజుకు ఆరు గుడ్లు పెడుతున్నామని రాశారు. ఒంట్లో జబ్బు రేపే మంట వల్ల లివర్ ఆల్బుమిన్ తయారీ తగ్గించేస్తుంది. జబ్బు అణిగితే తనంతట తానే పెరుగుతుంది. గుడ్లు పెట్టండి, బలానికి మంచిదే. కిడ్నీ సంగతి ఉంది కాబట్టి ఆరు అవసరమా, ప్రొటీన్ పొడి వేయొచ్చా అని మాత్రం డాక్టర్ని అడిగి చేయండి. దానికోసం వారానికోసారి ఆల్బుమిన్ పరీక్ష మాత్రం దండగ.

ఇవి కాక కొత్తగా, గడ్డ నుంచి రక్తంలోకి రాలే డీఎన్‌ఏ ముక్కల్ని కొలిచే పరీక్షలు వస్తున్నాయి. మొదటి కీమో తర్వాత ఆ ముక్కలు వంద రెట్లు తగ్గినవాళ్ళకు ఫలితాలు బాగున్నాయని 2018లో తేలింది. నన్నడిగితే రేపటి రోజుల్లో ఎల్‌డీహెచ్ కుర్చీ లాక్కునేది అదే. ఇప్పటికి మాత్రం దానికోసం అప్పులు చేసి పరుగెత్తే పని లేదు. మీ బయాప్సీ బ్లాకు, అంటే మైనంలో దాచిన గడ్డ ముక్క మీదే చేసే మిక్, బీసీఎల్2 అనే జీన్ల పరీక్షల గురించి అడగండి. ఆ జీన్లు రెండూ తెగి చోటు మారి ఉంటే ఆర్-చాప్ బదులు ఇంకా గట్టి చికిత్స ఆలోచిస్తారు. రక్తంలో వెతికే చాలా వాటికంటే ఆ కాగితానికి బరువెక్కువ.

కీమో మొదలయ్యాక మీకొచ్చే రెండు టెన్షన్లు ఇప్పుడే చెప్పేస్తాను. తెల్లకణాలు పడిపోకుండా కీమో మర్నాడో ఆ తర్వాతో ఒక ఇంజెక్షన్ వేస్తారు. ఎముక మూలుగ ఒక్కసారి పనిలో దిగుతుంది, దాంతో ఎల్‌డీహెచ్ పెరుగుతుంది. జబ్బు తిరగబెట్టిందని హడలిపోయి ఫోన్లు చేసినవాళ్ళు చాలామంది. రెండోది, చికిత్స అయిపోయాక ప్రతి నెలా ఎల్‌డీహెచ్ చేయించుకోవడం. జబ్బు తిరిగి వచ్చిందని పట్టుకోవడానికి అది మంచి కాపలా కాదు. వచ్చినా పెరగకపోవచ్చు, రాకపోయినా పెరగొచ్చు. కొత్త గడ్డ, కారణం లేని జ్వరం, బరువు తగ్గడం, ఇవి ముందు చెబుతాయి. చికిత్స ఎలా పనిచేసిందో పెట్ స్కాన్‌లో ఒకటి నుంచి ఐదు వరకు ఉండే డోవిల్ స్కోరు చూసి చెబుతారు, దానిలోనూ తక్కువైతేనే మంచిది. జబ్బు నిర్ధారణైన నాటి నుంచి రెండేళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా దాటినవాళ్ళ ఆయుష్షు, అదే వయసున్న మామూలు జనం ఆయుష్షుకు దగ్గరగా ఉందని కూడా 2014లో ఒక పెద్ద పరిశీలనలో తేలింది. ఈ జబ్బులో నాకు బాగా ఇష్టమైన లెక్క అదే.

మీరు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి వెళ్ళినా, అలిపిరి దగ్గరి టాటా వాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళినా, మన వైపువాళ్ళకు అలవాటైన రాయవేలూరు సీఎంసీకి వెళ్ళినా, తేదీల వరుసలో అన్ని కాగితాలూ ఒకే ఫైలులో పెట్టుకెళ్ళండి. బయాప్సీ రిపోర్టే కాదు, మైనపు బ్లాకు, స్లైడ్లు కూడా అడిగి తెచ్చుకోండి. అవి మీవి. మంగళవారం పెట్‌కి ఆరు గంటలు ఏమీ తినకూడదు, షుగరు అదుపులో ఉండాలి, ఉదయం మాత్ర వేసుకోవాలా వద్దా అని సోమవారమే ఫోన్ చేసి కనుక్కోండి. ఆర్-చాప్‌లో ఐదు రోజులు స్టెరాయిడ్ మాత్రలు పెద్ద మోతాదులో ఉంటాయి, షుగరు ఒక్కసారిగా లేస్తుంది, దానికీ ముందే ఏర్పాటు అడగండి. మొదటి కీమోకి ముందు యూరిక్ యాసిడ్, పొటాషియం, ఫాస్ఫరస్ చూస్తారు. గడ్డ ఒక్కసారిగా కరిగితే లోపలి సరుకంతా రక్తంలో పడి కిడ్నీ మీద భారం పడుతుంది, అందుకు. మీ నాయన కిడ్నీ ముందే కాస్త అలసి ఉంది కాబట్టి ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి.

చివరగా, మీ ఫోటోలు పదకొండూ మళ్ళీ చూశాను. ఇన్ని పరీక్షలు చేయించారు కానీ హెపటైటిస్ బి ఎక్కడా కనబడలేదు. అది జబ్బు ఎలా సాగుతుందో చెప్పే పరీక్ష కాదు కాబట్టి మీరు వెతికిన చోట దొరికి ఉండదు. ఎప్పుడో వచ్చి పోయిన హెపటైటిస్ బి వైరస్ లివర్‌లో నిద్రపోతూ ఉంటుంది. రిటుక్సిమాబ్ పడితే లేచి లివర్‌ని పూర్తిగా పాడుచేయగలదు, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ముందే తెలిస్తే రోజుకో మాత్రతో ఆపొచ్చు. మామూలుగా చేసే హెచ్‌బీఎస్ యాంటిజెన్ ఒక్కటే చాలదు, అది నెగటివ్ వచ్చినా పాత వైరస్ దాగి ఉండొచ్చు. యాంటీ హెచ్‌బీసీ టోటల్ అనే రెండో పరీక్ష కూడా కావాలి. సోమవారం పొద్దున ల్యాబుకి వెళ్ళి ఈ రెండు పేర్లూ కాగితం మీద రాసి ఇవ్వండి, రిపోర్టు వచ్చాక ఫైలులో అన్నిటికంటే పైన పెట్టండి.